పీణ్య దారిలో బండ్ల రద్దీ: ఫోను లెక్క ఎట్లు తయారగును?

రాయదుర్గము, మొలకాల్మూరు, చెళ్ళకెరె ప్రాంతముల నుండి బెంగుళూరికి సరకు పంపు సభ్యులకు పీణ్య పేరు క్రొత్త కాదు. హిరియూరు, శిర, తుమకూరు, నెలమంగల మీదుగా వచ్చు 48వ జాతీయ రహదారి నగరములో ప్రవేశించునది ఈ పీణ్య వైపు నుండియే. చిక్కపేట అంగళ్ళకు చేరవలసిన చీరల మూటలును, తిరుగు ప్రయాణములో మగ్గములకు చేరవలసిన పట్టు, జరీ, రంగులును ఈ దారినే పోవలెను. తుమకూరు నుండి నెలమంగల వరకు గంటలోపున రాగల బండి, ఆ తరువాతి కొద్దిపాటి దూరమునకు ఎంతసేపు తీసికొనునో ముందుగా చెప్పుట కష్టము.

ఇప్పుడు ప్రతి డ్రైవరు చేతిలోను ఫోను ఉన్నది. అందులో దారి పటము కనబడును. దారి పచ్చగా నున్న రద్దీ లేదనియు, నారింజ రంగైన కొంత రద్దీ యనియు, ఎరుపైన బండ్లు నిలిచిపోయిన వనియు అందరును ఎరిగిన విషయమే. పటము క్రింద "ఇన్ని నిమిషములలో చేరుదురు" అని కూడ చూపును. ఈ నిమిషములే నేడు వ్యాపారములో మాటగా చెల్లుచున్నవి. "ఫోనులో నలుబది నిమిషములే చూపినది గదా, సరకు రెండు గంటలు ఆలస్యముగా వచ్చినదేమి?" అని వర్తకుడు అడిగినచో బదులు చెప్పవలసినవాడు టెంపో డ్రైవరు. అతని తరువాత సంఘము. చివరకు కోత పడినచో నష్టపోవునది మగ్గము మీద కూర్చున్నవాడు. కావున ఆ నిమిషములు ఎక్కడి నుండి వచ్చుచున్నవో, ఏ బండికి వర్తించునో, ఏ బండికి వర్తింపవో తెలిసికొనుట మన వృత్తివారికి అవసరము.

ఆకాశము నుండి ఎవరును చూచుట లేదు

రద్దీని ఆకాశము నుండి ఉపగ్రహము చూచి చెప్పునని పలువురు తలంతురు. కొందరు పోలీసువారి కెమెరాలు చెప్పుచున్నవనుకొందురు. ఫోనులోని రంగులకు ప్రధానమైన ఆధారము ఈ రెండును గావు. ఆ సమాచారమును ఇచ్చుచున్నవారు దారిలో పోవు ప్రయాణికులే. మనమే.

జి.పి.యస్. ఉపగ్రహములు మన బండిని చూడవు. అవి తమ స్థానమును, కాలమును తెలుపు సంకేతములను ఎడతెగక పంపుచుండును. ఫోనుగాని, కారులో బిగించిన దారి చూపు పరికరముగాని నాలుగైదు ఉపగ్రహముల సంకేతములను అందుకొని, అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి తానెక్కడ నున్నదో లెక్క కట్టుకొనును. ఇందులో కొద్ది మీటర్ల తేడా సామాన్యము. ఎత్తైన కట్టడముల నడుమను, వంతెనల క్రిందను ఆ తేడా పెరుగును.

ఇంతవరకు జరిగినది పరికరములోపలి సంగతి. పరికరము ఇంటర్నెట్టుతో కలిసియున్నప్పుడు రెండవ పని మొదలగును. కొన్ని సెకనులకొకసారి "ఇప్పుడు ఇచ్చట నున్నాను, ఈ వేగముతో ఈ దిక్కునకు పోవుచున్నాను" అని అది కంపెనీ కంప్యూటరుకు తెలియజేయును. అర కిలోమీటరు దూరమును ఒక కారు 30 సెకనులలో దాటినచో దాని వేగము గంటకు 60 కిలోమీటర్లు. అదే దూరమునకు 3 నిమిషములు పట్టినచో గంటకు 10 కిలోమీటర్లు మాత్రమే. ఒక్క కారు నెమ్మదిగా పోయినంత మాత్రమున దారి రద్దీయని చెప్పరాదు; డ్రైవరు టీ త్రాగుటకు ఆగియుండవచ్చును. పది, ఇరువది పరికరములు ఒకే చోట, ఒకే వేళ నెమ్మదించినచో అప్పుడు అది దారి సంగతి యగును. ఖాళీ దారిలో ఆ చోట ఎంత వేగము సాధ్యమో దానితో ఈ సగటును పోల్చి పటములో రంగు వేయుదురు.

ఒక దారిలో ఆ క్షణమున పరికరములు చాలినన్ని లేనప్పుడు, గడచిన వారములలో అదే రోజున, అదే గంటకు దారి ఎట్లుండెనో చూచి ఆ పాత లెక్కతో ఖాళీని పూరింతురు. ఇది మన సభ్యులు తప్పక గుర్తుంచుకొనవలసిన విషయము. పటములో కనబడునదంతయు ఆ క్షణపు దృశ్యము కాదు. కొంత నేటిది, కొంత నిన్నటిది, కొంత ఊహ.

ఈ పద్ధతి పుట్టిన విధము

ఆమ్‌స్టర్‌డాము నగరమునకు చెందిన టామ్‌టామ్ కంపెనీ, కార్లలో దారి చూపు పరికరములను అమ్ముటలో పేరుపొందినది. 2007లో ఆ కంపెనీ వోడాఫోన్‌తో కలిసి, నెదర్లాండ్సులో రోడ్ల మీద కదలుచున్న సెల్‌ఫోనుల జాడను బట్టి రద్దీని తెలుపు సేవను ప్రారంభించెను. తరువాత తన పరికరముల నుండియే సమాచారమును రాబట్టసాగెను. 2009 ఆగస్టులో గూగుల్ కంపెనీ తన పటమును వాడువారి ఫోనుల నుండి వచ్చు వేగములను కలిపి రద్దీ లెక్క కట్టుచున్నట్లు ప్రకటించినది. ఇజ్రాయెలులో పుట్టిన వేజ్ అను సంస్థ మరియొక అడుగు ముందుకు వేసి, ప్రమాదము జరిగినను, దారి మూసినను డ్రైవర్లే తమంతట తాము తెలుపు ఏర్పాటు చేసెను. 2013లో దానిని గూగుల్ కొనివేసినది.

పూర్వము నగరములలో రద్దీ కొలువవలెనన్న రోడ్డు క్రింద తీగచుట్టలు పాతవలెను, లేదా కూడలిలో మనుష్యులను నిలిపి బండ్లను లెక్కింపవలెను. అది ఖర్చుతో కూడిన పని. నాలుగు పెద్ద దారులకు మించి సాధ్యపడదు. క్రొత్త పద్ధతిలో రోడ్డును త్రవ్వనక్కరలేదు. ఎందరో తలకొక పోగు చొప్పున ఇచ్చినచో బట్ట తయారైనట్లు, ప్రయాణికులు తెలిసియో తెలియకయో ఇచ్చు సమాచారముతో పటము తయారగుచున్నది. బట్టలో పోగులు పలుచనైన చోట నేత ఎట్లుండునో మనకు తెలిసినదే. ఇక్కడి న్యాయమును అట్టిదే.

99 ఫోనుల తోపుడు బండి

ఈ లెక్క బండ్లను గాక ఫోనులను లెక్కించునని చూపుటకు జర్మనీలో ఒక చిత్రకారుడు మంచి ఉదాహరణ చూపెను. సైమన్ వెకర్ట్ అను నాతడు చిన్న తోపుడు బండిలో 99 పాత ఫోనులను పెట్టి, అన్నిటిలోను పటమును తెరచి, బెర్లిను వీధులలో మెల్లగా లాగుకొని పోయెను. వీధి దాదాపు ఖాళీగానే యున్నది. అయినను పటములో ఆ వీధి ఎర్రబడెను. 2020 ఫిబ్రవరిలో ఆతడు ఈ సంగతిని ప్రకటింపగా లోకమంతయు ఆశ్చర్యపడెను.

దీనిని వినోదముగా మాత్రమే చూడరాదు. ఫోనులున్నచోట బండ్లు లేకున్నను పటము రద్దీ చూపినది. అట్లే బండ్లున్నను ఫోనులు లేనిచో, ఉన్న ఫోనులు సమాచారము పంపనిచో, ఆ బండ్లు పటమునకు కనబడవు. ఎద్దుబండి, తోపుడు బండి, కాలినడకన పని ముగించుకొని పోవు దుస్తుల ఫ్యాక్టరీ కార్మికులు, పాత ఫోనుతో నడుచు టెంపో, ఇవన్నియు దారిలో చోటు తీసికొనును గాని లెక్కలోనికి రావు.

పీణ్యలో మూడు విధముల చిక్కు

కర్ణాటక పారిశ్రామిక ప్రాంతముల అభివృద్ధి మండలి 1970 దశాబ్ది చివరలో నెలకొల్పిన పీణ్య పారిశ్రామిక వాడలో నేడు యంత్రభాగముల కర్మాగారములు, దుస్తులు కుట్టు ఫ్యాక్టరీలు, చిన్న వర్క్‌షాపులు క్రిక్కిరిసి యున్నవి. దాని ప్రక్కనే తుమకూరు రోడ్డు. 2010లో గొరగుంటెపాళ్య వైపు నుండి నాగసంద్ర వైపు దాదాపు 4 కిలోమీటర్ల పొడవున ఎత్తు వంతెన ఏర్పడినది. ఆ రోడ్డు వెంబడియే మెట్రో రైలు కూడ నడచుచున్నది. 2014 మార్చి 1న పీణ్య ఇండస్ట్రీ స్టేషను వరకు, 2015 మే 1న నాగసంద్ర వరకు, 2024 నవంబరు 7న మాదావర వరకు ఆ రైలు మార్గము తెరచిరి.

ఇట్లు క్రింద రోడ్డు, పైన వంతెన, ప్రక్కన రైలు ఒకే బారుగా పోవుటచే లెక్కకు చిక్కు కలిగినది.

మొదటి చిక్కు: పై నున్న కారును, దాని క్రింద నున్న లారీయును నేల పటములో దాదాపు ఒకే చోట నుండును. పరికరము తెలుపు ఎత్తు నమ్మదగినది కాదు. కావున ఈ ఫోను వంతెన మీదిదా, క్రిందిదా యని కంప్యూటరు నిర్ణయింపవలెను. ఆ బండి ముందు ఏ ర్యాంపు దగ్గర నుండెను, తరువాత ఎక్కడ తేలెను, నడుమ ఎక్కడైన కూడలిలో ఆగెనా అని చూచి నిర్ణయింతురు. ఈ నిర్ణయము ప్రతిసారియు సరిగా నుండునని చెప్పలేము. పొరపాటు జరిగినచో, పైన సాఫీగా పోవు కారు వేగము క్రింద నిలిచిన లారీ ఖాతాలో పడును.

రెండవ చిక్కు: మెట్రోలో కూర్చున్నవారి ఫోనులు కూడ రోడ్డు వెంట కదలుచుండును. క్రింద బండ్లు కదలకున్నను ఈ ఫోనులు వేగముగా పోవును. స్టేషనుకు స్టేషనుకు నడుమ వాటి నడక తీరును బట్టి వాటిని ఏరి పక్కన పెట్టవలెను. నూలు చిలుపలో వేరు కౌంటు నూలు కలిసినచో ఏరివేయుట వంటిదే ఈ పని.

మూడవ చిక్కు: బెంగుళూరులో నమోదైన వాహనములలో సగమునకు మించి ద్విచక్ర వాహనములే. అవి నిలిచిన కార్ల సందులలోనుండి దూరి పోగలవు. వాటి వేగమును కార్ల వేగముతో కలిపిన సగటు తప్పును. భారత దేశములో ద్విచక్ర వాహనములకు వేరుగా దారి చూపు ఏర్పాటును గూగుల్ 2017 డిసెంబరులో ప్రవేశపెట్టుటకు కారణములలో ఇదియు ఒకటని గ్రహింపవచ్చును. స్కూటరుకు పట్టు కాలము వేరు, కారుకు పట్టు కాలము వేరు.

ఇక సరకు బండి కాలము మాటేమి? సామాన్యముగా ప్రజలు వాడు పటములలో కారునకు, స్కూటరునకు, బస్సునకు, నడకకు వేరువేరు గుర్తులుండును. సరకు లాదిన లారీకి అట్టి గుర్తు సాధారణముగా కనబడదు. మన టెంపో డ్రైవరు కారు గుర్తు నొక్కి కారు కాలమును చూచుచున్నాడు. లోడుతో నున్న బండి కారు వలె వేగమందుకొనలేదు. నగరములో భారీ సరకు వాహనములకు నిషేధ వేళలున్నవి. ఆ వేళలలో బండి నగరము వెలుపల వేచి యుండవలెను. ఫోను చూపు నలుబది నిమిషములలో ఈ నిరీక్షణ లేదు.

లారీలకు జి.పి.యస్. లేదా యని కొందరు అడుగవచ్చును. పలు లారీలకు గలదు. కాని ఆ సమాచారము బండి యజమానికి, ఆతడు ఒప్పందము చేసికొన్న కంపెనీకి చేరి అక్కడనే నిలిచిపోవుట కలదు. ప్రజలు చూచు పటములో అది కలియునన్న హామీ లేదు.

వంతెన మూసిన దినములు

ఈ విషయము 2021 చివర పీణ్యలోనే బయటపడినది. ఎత్తు వంతెన 102, 103 సంఖ్యల స్తంభముల వద్ద, కాంక్రీటును బిగించి పట్టు ఉక్కు తీగల కట్టలు చెడినట్లు కనుగొని, డిసెంబరు 25న వంతెనను మూసివేసిరి. బండ్లన్నియు క్రింది రోడ్డున పడెను. 2022 ఫిబ్రవరి 16న తేలిక వాహనములను మాత్రము పైకి అనుమతించిరి. లారీలకు, బస్సులకు ఆ భాగ్యము రెండేండ్లకు పైగా కలుగలేదు. 2024 జులై 29న భారీ వాహనములను తిరిగి అనుమతించుచు, శుక్రవారము ఉదయము 6 గంటల నుండి శనివారము ఉదయము 6 గంటల వరకు మాత్రము తనిఖీల నిమిత్తము వాటికి ప్రవేశము లేదని నియమించిరి.

ఈ రెండున్నర యేండ్ల కాలములో ఒకే రోడ్డుకు రెండు నిజములుండెను. కారు వానికి వంతెన తెరచి యున్నది. లారీ వానికి మూసి యున్నది. కార్ల నుండి వచ్చు సమాచారముతో తయారైన కాలము కారునకు నిజము. అదే కాలమును నమ్మి సరకు చేరు వేళ చెప్పిన సంఘమునకు అది నిజము కాదు. ఇందులో పటము అబద్ధమాడినదని అనరాదు. తాను చూచిన బండ్ల మాటనే అది చెప్పినది. మన బండిని చూడలేదు.

మరియొక సంగతి. స్తంభము మీది ఉక్కు తీగలు తుప్పు పట్టుట ఏ ఫోనునకు తెలియదు. వంతెన మూయుటకు ముందు దినమున కూడ పైన కార్లు సాఫీగా పోయినంత కాలము దారి పచ్చగానే కనబడును. పటము వేగమును చెప్పును, క్షేమమును చెప్పదు.

దీని పర్యవసానము ఎంతవరకు పోగలదో 2024 నవంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో జరిగిన దుర్ఘటన తెలిపినది. వరదకు ఒక భాగము కొట్టుకొని పోయిన వంతెన మీదికి కారులో పోయి, రామగంగా నదిలో పడి ముగ్గురు మరణించిరి. వారు ఫోను చూపిన దారిని అనుసరించిరని వార్తలు వచ్చినవి. ఎవరును పోని దారి నుండి ఏ సమాచారమును రాదు. దారి మూసివేసినట్లు అధికారులు గాని, ప్రయాణికులు గాని తెలుపనిచో, పటములో ఆ దారి ఎప్పటి వలెనే నిలిచియుండును. సమాచారము లేకపోవుటను దారి బాగున్నదని తలచుట ప్రాణాంతకము.

నగరపు సగటులో మన వాటా

బెంగుళూరు రద్దీని గురించి ఏటేట పత్రికలలో వచ్చు అంకెలు కూడ ఇట్టి పరికరముల నుండియే వచ్చినవి. టామ్‌టామ్ కంపెనీ 2019 సంవత్సరపు లెక్కలో బెంగుళూరును లోకములో అత్యంత రద్దీ నగరముగా చూపెను. రద్దీ ప్రమాణము 71 శాతము. అనగా ఖాళీ దారిలో 30 నిమిషములు పట్టు ప్రయాణమునకు సగటున 51 నిమిషములు పట్టినదని అర్థము. రద్దీ వేళలలో ప్రయాణించు డ్రైవరు ఆ యేడు 243 గంటలు అదనముగా దారిలో గడపెనని ఆ సంస్థ తెలిపినది. 2024 లెక్కలో 10 కిలోమీటర్లు పోవుటకు సగటున 34 నిమిషముల 10 సెకనులు పట్టినది. అనగా గంటకు సుమారు 17.5 కిలోమీటర్లు.

ఈ అంకెలు ఉపయోగకరములే. కాని ఇది నగరమంతటి సగటు. పీణ్య కూడలిలో సోమవారము ఉదయము పట్టు కాలము వేరు, ఆదివారము రాత్రి పట్టు కాలము వేరు. సగటు కూలి చూచి ఫలానా నేతగాని రాబడిని చెప్పలేనట్లే, నగర సగటును బట్టి ఫలానా టెంపో రాకను చెప్పలేము.

సగటులో లేకపోవుట వలన మరియొక నష్టమున్నది. 2022 జులైలో బెంగుళూరు ట్రాఫిక్ పోలీసులును గూగుల్ కంపెనీయును కలిసి, కూడళ్ళలో ఎర్ర దీపము, పచ్చ దీపము ఎంతసేపు వెలుగవలెనో ఈ సమాచారమును బట్టి సరిదిద్దు ప్రయత్నమును ప్రకటించిరి. ఇది మంచి పనియే. అయితే దీపము కాలము, రోడ్డు విస్తరణ, నిషేధ వేళలు వంటి నిర్ణయములు ఈ లెక్కలను బట్టి జరుగు కొలది, లెక్కలో పలుచగా నున్నవారి ఇబ్బంది పలుచగానే కనబడును. కారులో పోవువాడు తెలియకయే తన పక్షమున సాక్ష్యమిచ్చుచున్నాడు. లోడు బండివాడు, బస్సు కొరకు నిలిచిన కార్మికురాలు నోరు తెరచి అడిగిన గాని వారి మాట చేరదు.

మన జాడ ఎవరి సొత్తు?

ప్రయాణికులు ఇచ్చు సమాచారము రద్దీ చెప్పుటకే వాడుదురా? ఈ ప్రశ్న 2011లో నెదర్లాండ్సులో పుట్టినది. టామ్‌టామ్ పరికరముల నుండి సేకరించిన వేగముల లెక్కలు, పేర్లు లేకుండ, ప్రభుత్వ శాఖలకు అమ్మబడినవి. వాటిని ఆ దేశపు పోలీసులు అతివేగమును పట్టుకొను కెమెరాలు ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించుటకు వాడిరని ఏప్రిలులో పత్రికలలో వచ్చెను. తాము డబ్బిచ్చి కొన్న పరికరమే తమను పట్టియిచ్చినదని వాడుకదారులు కోపించిరి. కంపెనీ అధిపతి హెరాల్డ్ గొడైన్ క్షమాపణ చెప్పి, అట్టి వాడుక జరుగకుండ ఒప్పందములు మార్తుమనెను. అక్కడ ఎవరి పేరును బయటపడలేదు. అయినను ఒక పనికి ఇచ్చినది మరియొక పనికి పోయినది.

నేత సంఘములకు ఇందులో ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయమున్నది. బండి బయలుదేరిన చోటు మన నేతగాని యిల్లు లేదా సంఘపు గిడ్డంగి. ఆగిన చోట్లు పట్టు వర్తకుని కొట్టు, రంగుల అంగడి, కొనుగోలుదారు దుకాణము. ఒక టెంపో జాడను నెల దినములు చూచినవాడు, సంఘము ఎవరి వద్ద కొనునో, ఎవరికి అమ్మునో, ఏ కాలములో అమ్మకము హెచ్చో చెప్పగలడు. ఇట్టి ప్రమాదమును ఎరిగియే 2009లో గూగుల్, ప్రయాణపు మొదటి చోటును, చివరి చోటును లెక్క నుండి తొలగించి చెరిపివేయుచున్నామని చెప్పినది. రద్దీ తెలియుటకు నడిమి దారి చాలును. రెండు కొసలు అక్కరలేదు. మన సమాచారమును అడుగు ప్రతివానిని ఈ కొసల సంగతి అడుగుట మన హక్కు.

మన దేశములో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అమలు దశలవారీగా జరుగవలెనని నిర్ణయము. ఏ పని నిమిత్తము సమాచారము తీసికొనుచున్నారో చెప్పి, అనుమతి పొంది తీసికొనవలెననునది దాని మూల సూత్రము. చట్టము మనుష్యుని వ్యక్తిగత సమాచారమునకు సంబంధించినది; సంఘపు వ్యాపార రహస్యమునకు రక్షణ మన ఒప్పంద పత్రములోనే వ్రాసికొనవలెను.

సంఘములు చేయదగిన పనులు

ఫోను పటమును విడిచిపెట్టుమని చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. అది ఉపకారియే. దాని కొలబద్ద ఎరిగి వాడవలెను. అందుకు ఈ క్రింది పనులు సులభముగా చేయదగినవి.

1. సరకు చేరు వేళను వర్తకునకు తెలుపునప్పుడు ఫోను చూపిన నిమిషములను నేరుగా చెప్పరాదు. అది కారు కాలము. మీ బండికి, మీ లోడునకు గత నెలలో నిజముగా పట్టిన కాలమును బట్టి చెప్పవలెను.

2. ప్రతి సంఘములోను ఒక ప్రయాణ పుస్తకము పెట్టుడు. తేది, వారము, బయలుదేరిన వేళ, నెలమంగల దాటిన వేళ, గొరగుంటెపాళ్య దాటిన వేళ, సరకు దింపిన వేళ, ఈ ఆరును వ్రాసిన చాలును. ప్రక్కన ఫోను చూపిన కాలమును కూడ వ్రాయుడు. నలుబది, ఏబది ప్రయాణములు గడచునప్పటికి రెండింటికి ఎంత తేడాయో మీకే తేటపడును. ఏ వారము, ఏ గంట మంచిదో కూడ తెలియును.

3. వంతెన, నిషేధ వేళలు, శుక్రవారపు నియమము వంటివి మారుచుండును. బండి బయలుదేరుటకు ముందు బెంగుళూరు ట్రాఫిక్ పోలీసుల ప్రకటనను చూచుకొనవలెను. రోడ్డు మీది బోర్డు ఒకటి, ఫోను ఒకటి చెప్పినచో బోర్డు మాటయే వినవలెను.

4. దారి మూసినట్లు, పటము తప్పినట్లు కనబడినచో, బండి నిలిపిన తరువాత, ఆ సంగతిని పటములోని ఫిర్యాదు భాగమున తెలుపవలెను. మన వెనుక వచ్చు బండికి అది మేలు. బండి నడుపుచు ఫోను నొక్కుట ఎట్టి పరిస్థితిలోను తగదు.

5. డ్రైవరు ఫోనులో స్థానము తెలుపు అనుమతిని "వాడుచున్నప్పుడు మాత్రమే" అను ఏర్పాటులో ఉంచవలెను. దారి చూపుటతో సంబంధము లేని యాప్‌లకు ఆ అనుమతి ఇయ్యనక్కరలేదు.

6. రవాణా కంపెనీతో వ్రాత ఒప్పందము చేసికొనునప్పుడు, బండి జాడల సమాచారమును ఇతరులకు ఇయ్యరాదనియు, మన రాకపోకల లెక్కను మనము అడిగినప్పుడు మనకు ఇయ్యవలెననియు ఒక వాక్యము చేర్పించుడు.

వీటిలో రెండవదానికి మిక్కిలి ప్రాధాన్యమున్నది. అందుకు కంప్యూటరు అక్కరలేదు. పది రూపాయల నోటు పుస్తకము, పెన్సిలు చాలును. ఒక సంఘపు పుస్తకము ఒక బండి సంగతిని చెప్పును. రాయదుర్గము, మొలకాల్మూరు సంఘములు తమ పుస్తకములను దగ్గర పెట్టుకొని కలిపినచో, తుమకూరు రోడ్డున సరకు బండికి నిజముగా ఎంతసేపు పట్టునో చెప్పు లెక్క తయారగును. కార్లవారు తెలియకయే చేసిన పనిని మనము తెలిసి చేసినట్లగును.

ఆ లెక్క రెండు చోట్ల పనికివచ్చును. నిషేధ వేళలను గురించి, క్రింది రోడ్డు బాగును గురించి అధికారులకు అర్జీ పెట్టునప్పుడు "చాల ఆలస్యమగుచున్నది" అను మాటకు బదులు తేదీలు, గంటలు చూపవచ్చును. ఫోనులోని నిమిషములను చూపి వర్తకుడు కోత వేయబోవునప్పుడు సంఘము తన పుస్తకమును ముందుంచవచ్చును. చీర నేయుటకు పట్టిన దినములను మనము లెక్కించుకొందుము. అది అంగడికి చేరుటకు పట్టిన గంటలను కూడ మనమే లెక్కించుకొనవలెను. ఇతరుల లెక్క మన కూలిని నిర్ణయింపకుండవలెనన్న అది యొక్కటే మార్గము.